గీత దాటకముందే కూత

ఫార్మింగ్టన్ హిల్స్, మిషిగన్
2011 సెప్టెంబర్ 5

గౌరీశంకర్ బావకి,

ఇక్కడ మేం క్షేమం అని రాస్తే ఈసారి సరిపోదు. అంతకంటే పెద్ద మాట నాకు చేతకాదు కాబట్టి సంగతే చెప్పేస్తాను. నీ మేనల్లుడు చైతన్య వాళ్ళ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. మూడేళ్ళు బెంచీ మీద కూర్చుని అందరికీ నీళ్ళ సీసాలు అందించినవాడు, ఈ ఆఖరి సంవత్సరం మొదటి ఆటకి వాడి పేరు మైకులో చదివారు. సరిగ్గా పలకలేదనుకో, అయినా వాడి పేరే. మీ చెల్లెలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాను, ఎందుకో తెలీదు.

నీకు ఫోన్ చేస్తే వినపడక "ఆ? ఆ?" అంటావు. మీ అమ్మాయి స్పందనకి చెబితే అది నీకు రెండు ముక్కల్లో చెప్పి తన ఆఫీస్ కాల్‌లోకి వెళ్ళిపోతుంది. ఇది రెండు ముక్కల్లో తేలేది కాదు. కంప్యూటర్‌లో తెలుగు కొట్టడం నాకు రాదు. అందుకని కాగితం మీద రాస్తున్నాను, నువ్వూ అలాగే రాయి.

క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి మొదట అందుకునేవాడు. మామూలుగా వాళ్ళు పొడుగ్గా ఉంటారు, వెనక నిలబడి దూరంగా విసురుతారు. మావాడు పొడుగు కాదు, విసరడం కూడా సుమారే. వాడి గొప్పంతా కాళ్ళలో ఉంది. ఈ కొత్త కోచ్ హారిస్ వచ్చి జోన్ రీడ్ అని ఒక పద్ధతి పెట్టాడు. అది కాళ్ళున్నవాడి కోసమే పుట్టిన ఆట.

చెప్తాను, నీ ఇంజినీరు బుర్ర కాసేపు పక్కన పెట్టి చదువు. మన ముందు వరసలో అయిదుగురు లావుపాటి కుర్రాళ్ళు ఉంటారు. బంతి కదలగానే అయిదుగురూ ఒకే పక్కకి, బండిని తోసినట్టు ఎదుటివాళ్ళని తోసుకుంటూ పోతారు. రెండో పక్క చివర నిలబడ్డ ఎదుటివాణ్ణి మాత్రం ఎవరూ ముట్టుకోరు. మరిచిపోయి కాదు, కావాలనే వదిలేస్తారు. ఇప్పుడు మావాడు బంతి అందుకుని, పక్కనున్న పరుగువాడి పొట్టలో పెడతాడు. పెడతాడు గానీ వదలడు. ఒక్క క్షణం ఇద్దరి చేతులూ బంతి మీదే ఉంటాయి. ఆ క్షణంలో మావాడి కళ్ళు ఆ చివరివాడి మీద. వాడు పరుగువాణ్ణి పట్టుకుందామని లోపలికి దూకాడా, మావాడు బంతి లాక్కుని వాడు ఖాళీ చేసిన చోటునుంచే పరిగెడతాడు. వాడు దూకకుండా మావాడి కోసం కాచుకున్నాడా, బంతి పరుగువాడి పొట్టలోనే ఉండిపోతుంది. వాడు ఏం చేసినా తప్పే. ఒక్క దెబ్బ కొట్టకుండా అంత మనిషిని ఆటలోంచి తీసేశారు బావా. ఇది కనిపెట్టినవాడెవరో గానీ చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

ఇదంతా చూసి నాకేం గుర్తొచ్చిందో నీకు వేరే చెప్పాలా? మన చెడుగుడులో కూతకెళ్ళినవాడు ఎదుటి జట్టు మధ్య నిలబడి, మూల కాచేవాడి భుజం ఎటు వాలుతుందో చూసి రెండో వైపు జారుకోడం. మూల కాచేది నువ్వే కదా, మీ రేపల్లె జట్టుకి. నీ భుజం చూసి ఎన్నిసార్లు తప్పించుకున్నానో లెక్కే లేదు.

చైతన్య చిన్నప్పుడు ఇక్కడ మా డ్రైవ్‌వేలో సుద్దముక్కతో గీత గీసి చెడుగుడు నేర్పాను, నీకు తెలుసు. శనివారం ఆట అయ్యాక ఒకాయన వచ్చి, "మీవాడికి ఆ అడుగు ఎవరు నేర్పారు, ఏ క్యాంప్‌లో?" అని అడిగాడు. మా గరాజ్ ముందర అన్నాను.

గెలిచాం అని రాయడం మరిచిపోయాను. గెలిచాం.

హనుమయ్య


డబ్లిన్, కాలిఫోర్నియా
సెప్టెంబర్ 14

హనుమయ్య బావకి,

నా భుజం చూసి తప్పించుకున్నావా. బాపట్ల పోటీలో గీతకి జానెడు దూరంలో నీ మడమ ఎవరి చేతిలో చిక్కిందో నువ్వు మరిచిపోయి ఉంటావు, నా అరచేతికి గుర్తుంది. రెండేళ్ళ తర్వాత అదే కాలు పళ్ళెంలో పెట్టించుకుని కడిగింది కూడా నేనే, మా నాన్న లేడు గనక. ఒకే కాలు రెండుసార్లు పట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

చైతన్యకి నా ఆశీస్సులు. కానీ ఒక మాట అడుగుతాను, కోప్పడకు. డెట్రాయిట్‌లో నేను ఉద్యోగం చేసిన ముప్పై ఏళ్ళూ సోమవారం పొద్దున ఆఫీస్‌లో ఈ ఆట గోల తప్ప ఇంకోటి ఉండేది కాదు. బంతి విసిరేవాణ్ణి గాజు సామానులా చూసుకోవాలి అని అందరూ అనేవాళ్ళు. మీ కోచ్ ఆ గాజు సామానునే ఎద్దుల మధ్యకి తోలుతున్నాడు. వాడు ఏం చేసినా తప్పే అని ఆ చివరివాడి గురించి రాశావు. సరే. తప్పు చేసినా వాడు వచ్చి గుద్దకుండా ఉంటాడా?

గిరిజ ఏమంటోంది? మూడు పేజీల్లో దాని గురించి ఒక్క వాక్యం రాశావు, చెయ్యి పట్టుకుందని. భయంతో పట్టుకుందా, సంతోషంతోనా?

నా సంగతి. చెవి మిషన్ పెట్టుకుంటే గిన్నెల చప్పుడు తప్ప మనిషి మాట వినపడటం లేదు, తీసి సొరుగులో పడేశాను. వినడం పోయాక చూడటం బాగా వచ్చింది. పెదవులు చూసి మాటలు చదివేస్తున్నాను. మొన్న డెంటిస్ట్ దగ్గర టీవీ సౌండ్ లేకుండా నడుస్తుంటే వార్తలన్నీ నేనే స్పందనకి చెప్పాను. ఇంట్లో ఇప్పుడు నా ముందు ఎవరూ రహస్యాలు మాట్లాడుకోవటం లేదు, అవతలి గదిలోకి పోతున్నారు.

ఫోటోలు పంపు. నీ వర్ణన తగ్గించి.

గౌరీశంకర్


ఫార్మింగ్టన్ హిల్స్
సెప్టెంబర్ 26

బావా,

గిరిజ సంగతి అడిగావు కాబట్టి రాస్తున్నాను. మీ చెల్లెలు ప్రతి ఆటకీ వస్తుంది, ఒడిలో పులిహోర డబ్బా పెట్టుకుని కూర్చుంటుంది, బంతి కదిలే ముందు కళ్ళు మూసుకుంటుంది. విజిల్ మోగాక "లేచాడా?" అని అడుగుతుంది. లేచాడు అంటే కళ్ళు తెరుస్తుంది. నాలుగు ఆటలు పూర్తయ్యాయి, మనవాడు పరిగెత్తడం అది ఒక్కసారి కూడా చూడలేదు. చూసింది పడి లేచాక దులుపుకోడమే.

నాలుగూ గెలిచాం. మొన్నటి ఆటలో జరిగింది రాయకపోతే నాకు నిద్ర పట్టదు. ఎదుటి జట్టు చివరివాడు గుమ్మమంత మనిషి. మొదటిసారి వాడు పరుగువాడి మీదికి దూకాడు, మనవాడు బంతి లాక్కుని వాడి వీపు వెనకనుంచి పోయాడు. రెండోసారి వాడు జాగ్రత్తపడి నిలబడ్డాడు, మనవాడు బంతి వదిలేశాడు. మూడోసారి ఆ మనిషి దూకనూ లేదు, నిలవనూ లేదు, రెండు చేతులూ చాచి గుమ్మంలో చుట్టాల్ని రమ్మన్నట్టు ఊరికే ఉండిపోయాడు. నేను లేచి నిలబడి నవ్వాను బావా. వాడి మీద కాదు, ఆ ఆట అందం మీద. నేను కార్ల సీట్ల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళు మిషన్ ముందు నిలబడ్డాను, ఇద్దరు మనుషులు ఒకే వస్తువు మీద చేతులు పెట్టి, ఒకరి మొహం ఒకరు చూడకుండా, ఎవరు వదలాలో తెలుసుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. వేళ్ళు పోతాయి.

పరుగువాడి పేరు కోడీ. మీ చెల్లెలు మొదటిసారి విని పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. వాళ్ళకి ఆపిల్ తోట ఉంది, ఆ పిల్లవాడు ఎప్పుడు చూసినా జేబులోంచి ఆపిల్ తీసి కొరుకుతుంటాడు. పులిహోర మాత్రం మన చైతన్య కంటే వాడే ఎక్కువ తింటాడు. నన్ను మిస్టర్ హెచ్ అంటాడు.

రిటైరైనప్పుడు ఫ్యాక్టరీవాళ్ళు ఇచ్చిన కెమెరాతో తీసిన ఫోటోలు పెడుతున్నాను. వాడి కాళ్ళు చూడు. ఆ కాళ్ళు మన చెడుగుడు కాళ్ళు. ఈ మాట నేను అక్కడ అందరికీ చెబుతున్నాను. కోచ్‌కి కూడా చెప్పాను. ఆయన తల ఊపాడు, అర్థమైందో లేదో.

హనుమయ్య


డబ్లిన్
అక్టోబర్ 3

బావకి,

ఫోటోలు డైనింగ్ టేబుల్ మీద పరిచాను. రాత్రి భోజనాలు సోఫాలో చేశాం.

గాజు సామాను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. వాడు నిలబడ్డ తీరు చూశాను. మడమలు నేలకి ఆనీ ఆనకుండా, ఒళ్ళు బిగించకుండా, ఎటైనా పోగలిగినట్టు. నువ్వు నిలబడేవాడివి అలా, మంచి రోజుల్లో. మూల కాచేవాడికి కడుపు మండే నిలబాటు అది.

కానీ నువ్వు తీసినవన్నీ వీపులు, కాళ్ళు. పరుగు మొదలయ్యాక తీస్తున్నావు. ముఖం కనపడేలా తీయి. బంతి కదలక ముందు తీయి. ఫోటో వెనక తర్వాత ఏం జరిగిందో ఒక ముక్క రాయి, వాడే పరిగెత్తాడో, కోడీకి ఇచ్చాడో. లేకపోతే హెల్మెట్లన్నీ నాకు ఒకటే. నేనూ చదవడం నేర్చుకుంటాను, ఈ వయసులో.

గిరిజకి చెప్పు, కళ్ళు తెరవమని. మా అమ్మ కూడా నా పోటీలకి వచ్చి కొంగు కప్పుకుని కూర్చునేది.

గౌరీశంకర్


ఫార్మింగ్టన్ హిల్స్
అక్టోబర్ 17

బావా,

నువ్వు అడిగినట్టే తీశాను. ఎండ ఎదురుగా ఉంది, అయినా మొహాలు బాగానే వచ్చాయి. చెట్లన్నీ ఎర్రబడ్డాయి, ఈ ఊళ్ళ అందం ఇప్పుడే చూడాలి. మీ చెల్లెలు గోంగూర కుండీలు గరాజ్‌లోకి మార్చింది.

రెండు ఆటలు పోయాయి. పోవూ మరి, ఎదుటివాళ్ళూ ఆడటానికే వస్తారు. చైతన్య బాగానే పరిగెడుతున్నాడు, కాకపోతే దూరం పోవటం లేదు. చివరివాళ్ళు కాస్త తెలివి మీరారు. వాడు బంతి లాక్కునేసరికి అక్కడ మనిషి ఉంటున్నాడు. కోడీకి ఇచ్చినప్పుడు కోడీ మీద ఉంటున్నాడు. అదృష్టం అంటారు చూడు, అది వాళ్ళ పక్కన ఉంది. మొన్న చివరివాడు ఒకడు మనవాణ్ణి ఎత్తి పడేశాడు, గిరిజ "లేచాడా" అని అడిగితే "ఆ, లేచాడు" అన్నాను, నిజానికి అప్పటికింకా లేవలేదు. తర్వాత లేచాడు.

దిగులేం లేదు. ఆట అన్నాక ఇవన్నీ మామూలే. ఫోటోలు చూసి రాయి.

హనుమయ్య


డబ్లిన్
అక్టోబర్ 21

బావకి,

ఫోటోలు అందాయి. బాగున్నాయి. ఇక్కడ అందరం కులాసా. స్పందన పాపకి జలుబు తగ్గింది. తర్వాత వివరంగా రాస్తాను.

గౌరీశంకర్


ఫార్మింగ్టన్ హిల్స్
అక్టోబర్ 25

బావా,

నీ ఉత్తరం చూసి గిరిజ భయపడింది. "మా అన్నయ్య ఇంత పొట్టి ఉత్తరం ఎప్పుడూ రాయడు, గుండె నొప్పేమో అడగండి" అంది. స్పందనకి ఫోన్ చేశాం. "నాన్న బాగానే ఉన్నారు మామయ్యా, ఆ ఫోటోలు ముందేసుకుని భూతద్దం పట్టుకు కూర్చుంటున్నారు, ఎవరితోనూ మాట్లాడరు" అంది. కాబట్టి నీకు జబ్బు లేదు. నా దగ్గర ఏదో దాస్తున్నావు. దాచడం నీకు రాదు, మూల కాచేటప్పుడే రాలేదు.

సరే, నేను దాచింది ముందు చెబుతాను. మూడో ఆట కూడా పోయింది. సగం ఆటకే కోచ్ చైతన్యని కూర్చోబెట్టి, వాడికంటే చిన్నవాణ్ణి, బంతి విసిరే పొడుగు కుర్రాణ్ణి దింపాడు. తర్వాత పిలిచి చెప్పాడట: "నువ్వు బంతి కదలక ముందే నిర్ణయించేసుకుంటున్నావు. ఎదుటివాడికి ఎలా తెలుస్తోందో నాకు అర్థం కావటం లేదు, కానీ తెలుస్తోంది." వచ్చే శనివారం ఆ పొడుగు కుర్రాడే ఆడతాడు. నవంబర్ పన్నెండున మార్లో కాలేజీతో ఆఖరి ఆట. ఆ రోజు సీనియర్ల తల్లిదండ్రుల్ని కూడా మైదానంలోకి పిలిచి నిలబెడతారు. ఆ మర్యాద కోసం చైతన్యని మొదట దింపుతాడట. అప్పుడూ ఇలాగే ఉంటే వెంటనే తీసేస్తానని ముందే చెప్పాడు.

వాడికి ఇంకో ఆట లేదు బావా. జనవరిలో ఉద్యోగం, కంప్యూటర్ ముందు కుర్చీ. జీవితం మొత్తానికి క్వార్టర్‌బ్యాక్‌గా ఇదొక్కటే మిగిలింది. ఆదివారం ఇంటికొచ్చి బేస్‌మెంట్‌లో సోఫా మీద పడుకుని, "నాన్నా, అయామ్ రీడింగ్ హిమ్, నేను చూస్తున్నా. వాడు నన్ను ముందే చూసేస్తున్నాడు" అన్నాడు. నేను లేచి ఫ్యాన్ వేశాను. అక్టోబర్‌లో.

నీకేదైనా కనపడితే చెప్పు.

హనుమయ్య


డబ్లిన్
అక్టోబర్ 29

హనుమయ్యా,

చెబుతాను. ఇది రాయడానికి నాకు వారం పట్టింది, అందుకే ఆ నాలుగు ముక్కల ఉత్తరం.

నువ్వు వెనక "వాడే పరిగెత్తాడు" అని రాసిన ఫోటోలన్నీ ఒక వరసలో పెట్టాను. "కోడీకి ఇచ్చాడు" అన్నవి కింద వరసలో. కింద వరసలో చైతన్య నోరు మూసుకుని ఉంది. పై వరసలో పెదవులు కదులుతున్నాయి. ఒకదాంట్లో తెరుచుకుని, ఒకదాంట్లో ముడుచుకుని ముందుకొచ్చి, ఇంకోదాంట్లో ముడిచే ఉండి. హెల్మెట్ ముందున్న ఊచల సందులోంచి కనపడుతోంది. నేను పెదవులు చదివేవాణ్ణని నీకు తెలుసు. ముందు నమ్మలేదు. అద్దం ముందు నిలబడి నేనే పలికి చూసుకున్నాను. వాడు చెడుగుడు చెడుగుడు అంటున్నాడు.

బంతి ఇంకా కదలలేదు. వాడు కూత మొదలెట్టేశాడు.

ఇప్పుడు ఆ చివరివాణ్ణి చూడు. రెండు ఆటల్లోనూ ఒక్కడు కూడా బంతిని చూడటం లేదు. వాళ్ళ కళ్ళు మనవాడి నోటి మీద ఉన్నాయి. వాడేమంటున్నాడో వాళ్ళకి తెలియక్కర్లేదు. నోరు కదిలితే తనే వస్తాడు, కదలకపోతే ఇస్తాడు. అంతే. మీ కోచ్ కాళ్ళూ భుజాలూ చూస్తున్నాడు, నోరు ఎవరు చూస్తారు.

నోరు మూసుకోమని చెబితే తీరిపోదు. గీత దాటకముందే కూత పట్టాలి, దాటాక పడితే ఔట్ అని వాడికి నేర్పింది నువ్వు. మన ఆటకి అది నియమం. కూత పట్టినవాడు వెళ్ళి తీరాలి. కానీ ఈ ఆటలో నువ్వే రాశావు, ముందు పొట్టలో పెట్టాలి, చివరివాణ్ణి చూడాలి, అప్పుడు తేల్చుకోవాలి అని. వాడు నువ్వు చెప్పినట్టే ముందు తేల్చుకుని కూత పడుతున్నాడు. కోచ్ చెప్పింది కూడా ఇదే, ఆయనకి కారణం తెలీదు.

మన చెడుగుడు కాళ్ళు అని అందరికీ చెప్పుకుంటున్నవాడికి ఈ మాట ఎలా రాయాలో తెలియలేదు. ఇంకో సంగతి కూడా రాస్తాను. ఎప్పుడో సుద్దగీత మీద నేర్పింది ఇప్పటికీ వాడికి తెలియకుండా వాడి పెదాల మీద ఉంది. నేను నా పిల్లలకి చాలా నేర్పాను. వాటిలో ఒక్కటైనా అలా మిగిలిందా అని, ఆ ఫోటోలు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

నువ్వే చెప్పు వాడికి. ఇంకెవరూ చెప్పకూడదు.

గౌరీశంకర్


ఫార్మింగ్టన్ హిల్స్
నవంబర్ 6

బావా,

నీ ఉత్తరం మెయిల్‌బాక్స్ దగ్గరే చదివాను. చదివి ఇంట్లోకి వెళ్ళలేదు, డ్రైవ్‌వేలో కాసేపు నిలబడ్డాను. తర్వాత గిరిజకి చదివి వినిపించాను. అది ఒక్క మాట అంది: "పదండి, పులిహోర కలుపుతాను."

కాలేజీకి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాం. చైతన్య, కోడీ డైనింగ్ హాల్ బయట కలిశారు. నేను నీ ఉత్తరం సంగతి చెప్పాను. వాడు నమ్మలేదు. "నాన్నా, నేను అంటున్నానా? బయటికి? నో వే." పార్కింగ్ లాట్ ఖాళీగా ఉంది. చివరివాడిగా నేను నిలబడ్డాను. నవ్వకు. రెండు చేతులూ చాచి నిలబడ్డాను, నా మోకాళ్ళు టకటకమన్నాయి. ఇద్దరూ బంతితో మొదలెట్టారు. నాకు కనపడింది బావా. నాకెదురుగా, నా కొడుకు మొహం, బంతి కదలకముందే పెదవులు. ఈ వయసులో నేనే వాణ్ణి పట్టుకున్నాను. చొక్కా పట్టుకుని ఆపాను. వాడికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

సరే, మానేస్తానన్నాడు. నోరు బిగించి మళ్ళీ చేశాడు. బంతి కింద పడింది. మళ్ళీ చేశాడు, కోడీ మోకాలికి కొట్టుకుని పడింది. "ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియట్లేదు నాన్నా" అన్నాడు. ఉన్నది పోయింది, కొత్తది రాలేదు. ఆరు రోజుల్లో ఆట.

కోడీ పక్కన ఆపిల్ నములుతూ ఉన్నాడు. నమలడం ఆపి, "ఆ మాటేంటి, నాకూ చెప్పండి మిస్టర్ హెచ్" అన్నాడు. చెప్పాను. ఒకసారి పలికి చూసుకున్నాడు, గిరిజ సరిదిద్దింది. అప్పుడు ఆ పిల్లవాడన్నాడు: "అయితే చే మానక్కర్లేదు. ప్రతిసారీ అంటాడు, ఇచ్చినా లాక్కున్నా. నేనూ అంటాను. రెండు నోళ్ళూ కదులుతుంటే ఎవడు ఏ నోరు చదువుతాడు?" చే అంటే మనవాడే, వాళ్ళందరూ అలాగే పిలుస్తారు.

బావా, నేను నీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచీ కూత ఎలా మాన్పించాలి అనే ఆలోచిస్తున్నాను. కూత ఎప్పుడూ ఉంటే దాంతో ఏదీ తేల్చుకోనక్కర్లేదు కదా, తేల్చుకునేది తర్వాత చూసి తేల్చుకోవచ్చు కదా అన్నది నాకు తట్టలేదు. ఆపిల్ తోట పిల్లవాడికి తట్టింది.

చీకటి పడేదాకా చేశారు. కొన్నిసార్లు కుదిరింది, కొన్నిసార్లు ఇద్దరూ నవ్వేసి ఆగిపోయారు. ఒక సంగతి చెప్పాలి. మీ చెల్లెలు అంతసేపూ కళ్ళు తెరుచుకునే చూసింది. ఇక్కడ ఎవరూ ఎవరినీ కొట్టరు కదా అంది.

కుదురుతుందో లేదో తెలీదు. స్పందన ఆఖరి ఆటని కంప్యూటర్‌లో పెడతానంది, కాలేజీవాళ్ళు చూపిస్తారట. చూడు.

హనుమయ్య


ఫార్మింగ్టన్ హిల్స్
నవంబర్ 13

బావా,

నువ్వు చూసే ఉంటావు, అయినా నేను చెప్పకపోతే ఆట అయిపోయినట్టు నాకు అనిపించదు.

ముందు మమ్మల్ని మైదానంలోకి పిలిచారు. గిరిజ కంచిపట్టు చీర మీద వాడి జట్టు కోటు వేసుకుంది. మైకులో వాడి పేరు ఈసారి సరిగ్గా పలికారు, కోడీ వెళ్ళి నేర్పాడట. చైతన్య మా ఇద్దరి మధ్య నిలబడి నా చెవిలో, "నాన్నా, చివరివాడు చాలా లంబూ" అన్నాడు. నిజమే, ఆ మార్లో మనిషి చేతులు మోకాళ్ళ దాకా ఉన్నాయి.

మొదటిసారి బంతి కదలకముందు ఆ మనిషి మనవాడి నోరు చూశాడు. కదిలింది. వాడు మనవాడి కోసం నిలబడ్డాడు, బంతి కోడీతో పోయింది. రెండోసారి చూశాడు. పక్కన కోడీ నోరు కూడా కదులుతోంది. వాడు ఇటు చూసి, అటు చూసి, వాళ్ళ కోచ్ వైపు చూశాడు. అక్కడి నుంచి ఆ పొడుగు చేతులు వాడికి పనికి రాలేదు. చైతన్యని కోచ్ తియ్యలేదు. తీసే మాటే రాలేదు.

అయినా మార్లో వాళ్ళు మంచి జట్టు. ఆఖర్లో మేం వెనకబడి ఉన్నాం, గీత ఇరవై అడుగుల దూరంలో ఉంది. ఇదే ఆఖరి అవకాశం, దాటితే గెలుపు. జనం అందరూ "చే, చే" అని అరుస్తున్నారు. నాకూ వాడే వెళ్ళాలని ఉంది, అబద్ధం ఎందుకు. ఆఖరి ఆట, ఆఖరి పరుగు, వాడి చేతిలో బంతి, గీత. కెమెరా పట్టుకుని కూర్చున్నాను. బంతి వచ్చింది, కోడీ పొట్టలో పెట్టాడు. ఆ పొడుగు మనిషి మనవాడి వైపు సగం అడుగు వాలాడు. ఒక్క సగం అడుగు. చైతన్య చూశాడు, వదిలేశాడు.

వదిలేసి ఆగలేదు బావా. ఖాళీ చేతులు పొట్టకి అదుముకుని, బంతి తన దగ్గరే ఉన్నట్టు, పక్కకి పరిగెత్తాడు. ఆ పొడుగు మనిషీ, ఇంకొకడూ వాడి మీద పడ్డారు. కోడీ గీత దాటేటప్పటికి మనవాడు ఇద్దరి కింద ఉన్నాడు. వాడు చూడలేదు, జనం కేకే విన్నాడు.

మైకులో కోడీ పేరు చెప్పారు. చైతన్య పేరు చెప్పలేదు. నా పక్కనున్న ఆయన, "పాపం, మీవాడు కింద పడ్డాడు" అన్నాడు. నేను ఆయన్ని కౌగలించుకున్నాను. ఆయనకి అర్థం కాలేదు. వాడు ఆ మనిషిని చూశాక తేల్చుకున్నాడు, ముందు కాదు. నాకు కావాల్సింది ఇవ్వలేదు, ఆటకి కావాల్సింది ఇచ్చాడు. నేను నేర్పని దాన్ని వాడు నేర్చుకున్నాడు, నేను నేర్పింది పారెయ్యకుండా. ఇంతకంటే ఒక తండ్రికి ఏం కావాలో నాకు తెలీదు.

గిరిజ "లేచాడా" అని అడగలేదు. "లేచాడు" అని తనే నాకు చెప్పింది.

ఫోటో మాత్రం లేదు. కెమెరా చేతిలోనే ఉంది, నొక్కలేదు. ఆ సమయంలో నేనేం చేస్తున్నానో నాకు గుర్తు లేదు. గిరిజేమో మీరేదో గొణుగుతున్నారు అంటుంది. నేను ఒప్పుకోను. నోరు మూసుకుని కూర్చున్నాను.

హనుమయ్య


డబ్లిన్
నవంబర్ 17

బావకి,

చూశాం. స్పందన సౌండ్ పెంచబోతే వద్దన్నాను, నాకు అక్కర్లేదని.

చైతన్యకి చెప్పు, ఆ ఖాళీ చేతుల పరుగు నేను మూడుసార్లు వెనక్కి తిప్పించి చూశానని. బంతి ఉన్నవాడు పరిగెత్తడం అందరూ చూస్తారు. మూల కాచినవాణ్ణి కాబట్టి నాకు బంతి లేనివాడి పరుగే కనపడింది. ఆ పొడుగు మనిషి చోట నేనున్నా అలాగే మోసపోయేవాణ్ణి. కోడీకి పులిహోర నా తరఫున ఒక డబ్బా.

ఇక నీ సంగతి. ఆఖరిసారి బంతి కదలకముందు కాలేజీవాళ్ళ కెమెరా ఒకసారి జనం వైపు తిరిగింది. గిరిజ కళ్ళు తెరుచుకుని ఉంది. పక్కన టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన, చేతిలో కెమెరా. ఆయన పెదవులు చదవడం నాకు కష్టం కాలేదు. బంతి ఇంకా నేల మీదే ఉంది, ఆయన అప్పుడే మొదలెట్టేశాడు. చూశాక తేల్చుకోవడం కొడుక్కి కుదిరింది గానీ, నీకు ఇంకా కుదరలేదు.

కోడీ గీత దాటాక కెమెరా మళ్ళీ మీ వైపు వచ్చింది. నువ్వింకా ఆపలేదు. నీ వయసుకి అంత ఊపిరి ఎక్కడ దాచావో.

"నాన్నా, ఎందుకలా వంగి చెయ్యి చాపారు?" అని స్పందన అడిగింది. చూసుకుంటే నా కుడిచెయ్యి టేబుల్ కింద ఉంది, నీ మడమ కోసం.

ఈసారి దొరకలేదు.

నీ బావ
గౌరీశంకర్